ఒరుగుల పచ్చడి సీసా, మా అడ్డాకుల కట్ట

పదకొండు మందిమి కూర్చుని విస్తళ్ళు కుట్టే వరండాలో ఆ పొద్దున్న నలుగురమే ఉన్నాం. అంతకు ముందురోజు సాయంత్రం మా వీధి కుర్రాళ్ళకీ వెనక సాహి కుర్రాళ్ళకీ క్రికెట్ దగ్గర మాటా మాటా పెరిగి, బ్యాట్లు లేచి, ఇద్దరికి తలలు పగిలాయి. ఒకడికి ఆరు కుట్లు పడ్డాయి. (సాహి అంటే ఒడియాలో పేట, వీధి. పర్లాకిమిడిలో పుట్టిన తెలుగువాళ్ళం మేమూ అలాగే అంటాం.) రనౌట్ దగ్గర మొదలైన గొడవ రాత్రి భోజనాల వేళకి తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు అనే గొడవైపోయింది. వాట్సాప్‌లో ఎవరో ఒక వీడియో పెట్టారు, చూస్తే అది మా ఊరిది కూడా కాదు, కానీ చూసిన వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు. తెల్లారేసరికి ఒడియా అక్కలు ఒక్కరూ రాలేదు, మాలోనే ఇంకో ఆవిడ ఇంట్లో వద్దన్నారని మానేసింది.

ఆ శనివారానికి పాతపట్నంలో ఒక పెళ్ళికి 1,500 విస్తళ్ళు ఇవ్వాలి. కుట్టినవి మా వరండాలో ఉన్నాయి. వాటిని వేడి మీద నొక్కే ప్రెస్సింగ్ మిషను వెనక సాహిలో నాని ఇంట్లో ఉంది. నాని అంటే ఇక్కడి ఒడియాలో అక్క, ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. మిషను అక్కడ పెట్టడంలో ఏ ఆలోచనా లేదు, మా ఇంట్లో చోటు లేదు, వాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉంది, అంతే. ఆ మామూలు విషయమే తర్వాత మమ్మల్ని కాపాడింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

మా ఊరి సంగతి తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే రైలెక్కితే పాతపట్నం వరకు ఆంధ్ర, తర్వాతి స్టేషను పర్లాకిమిడి ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత అటు, కొంత ఇటు అయింది, ఊరు అటు పోయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1880 నుంచి ఇక్కడే బడిపంతులుగా ఉన్నారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టించిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసిపోతే ఆయన అన్నేళ్ళు బతికిన చోటు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వెళ్ళిపోకుండా ఉండిపోయిన తెలుగువాళ్ళ పిల్లల పిల్లలం మేము. ఒడియా మీడియంలో చదువుకున్నాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాం, సంతలో సవర మాటలు నాలుగు నేర్చుకున్నాం. గిడుగు వారిది అభిమానం, మాది అవసరం. రెండింటికీ నాకు గౌరవం ఉంది.

సరిహద్దు అంటే ఎంత చిక్కో తెలియాలంటే కొరాపుట్ జిల్లాలో కొటియా వైపు చూడండి. 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలు, 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2006లో ఆ దావా కొట్టేసి ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు, 2021లో అక్కడ కొన్ని ఊళ్ళలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్ళీ కోర్టు. ఇంత జరిగినా ఆ కొండల మీది వాళ్ళు పండించింది తట్టలో పెట్టుకుని సంత ఎటు దగ్గరైతే అటు దిగుతారు. తట్ట దింపే చోట ఏ రాష్ట్రమని అడిగేవాళ్ళు ఉండరు.

మా పని 2019లో మొదలైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, అటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని, ఇటు గజపతి జిల్లా కొండల్ని కలిపి కొట్టింది. మా ఆయన పలాస జీడి బట్టీల్లో పనికి పోయేవాడు. తోటలే పడిపోయాక బట్టీకి పిక్కలు ఎక్కడివి, పని సగానికి సగం తగ్గిపోయింది. అప్పుడు నేను అడ్డాకుల్లోకి దిగాను. అడ్డతీగ ఆకులు సవర ఆడవాళ్ళు కొండ మీద కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి తెస్తారు. మేం కొని, సన్నటి వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తాం. నాని వాళ్ళు మిషను మీద నొక్కి అంచులు కట్ చేసి, పాతికేసి చొప్పున కట్టలు కడతారు. అమ్మేది ఎక్కువగా ఆంధ్ర వైపు, పెళ్ళిళ్ళకి, గుళ్ళలో అన్నదానాలకి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా నిషేధించారు కదా, అప్పట్నుంచి గిరాకీ బాగా పెరిగింది.

ఇంక అసలు విషయానికి వస్తాను. గొడవైన ఆ వారం నిద్ర పట్టక ఫోన్లో ఏవేవో చదువుతుంటే డేనియల్ లుబెట్జ్‌కీ అనే ఆయన గురించి కనిపించింది. అమెరికాలో కైండ్ అని గింజలతో చేసే చిక్కీ లాంటి బార్లు ఉంటాయి, ఆ కంపెనీ పెట్టినాయన. 2020లో దాన్ని చాక్లెట్ల మార్స్ కంపెనీకి అమ్మేశాడు, చాలా పెద్ద డబ్బున్న మనిషి. ఆ సంగతి నన్ను అంతగా పట్టుకోలేదు. నన్ను ఆపింది ఆయన మొదటి వ్యాపారం, టమాటా ఒరుగుల పచ్చడి.

ఆయన 1968లో మెక్సికో సిటీలో పుట్టిన యూదుడు. వాళ్ళ నాన్న చిన్నతనంలో హిట్లర్ కాలం నాటి డాకౌ నిర్బంధ శిబిరంలో ఉండి బతికి బయటపడ్డవాడు. ఆ శిబిరంలో ఒక జర్మన్ సైనికుడు ఎవరూ చూడకుండా ఒక బంగాళాదుంప తన వైపు విసిరాడని, అది తిని ఆ రోజు ప్రాణం నిలబెట్టుకున్నానని నాన్న కొడుక్కి చెప్పేవాడట. శత్రువు చేతి నుంచి వచ్చిన దుంప. ఆ ముక్క దగ్గర నేను ఫోను పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే పడుకున్నాను.

కొడుకు పెద్దయ్యాక అమెరికాలో చదివాడు. ఇజ్రాయెల్ వాళ్ళు, అరబ్బులు కలిసి వ్యాపారం చేస్తే ఎలా ఉంటుందని కాలేజీలోనే పెద్ద వ్యాసం రాశాడు, తర్వాత లా చదివి, అదే విషయం మీద పని చేయడానికి ఇజ్రాయెల్ వెళ్ళాడు. అప్పటికి ఇజ్రాయెల్, పాలస్తీనా వాళ్ళ మధ్య రాజీ కోసం 1993లో జరిగిన ఓస్లో ఒప్పందం కొత్త, అందరికీ ఆశ. అక్కడ ఒక దుకాణంలో ఎండబెట్టిన టమాటాలతో చేసిన పచ్చడి తిన్నాడు, తెగ నచ్చింది. మళ్ళీ కొందామని వెళితే ఆ కంపెనీ మూతపడిందన్నారు. ఇంకెవరైనా అయితే వేరే సీసా కొనుక్కునేవారు. ఈయన ఆ తయారీదారుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి ఎందుకు నష్టపోయావని అడిగాడు. ఆయన గాజు సీసాలు పోర్చుగల్ నుంచి, ఎండు టమాటాలు ఇటలీ నుంచి తెప్పిస్తున్నాడు. అంత దూరం నుంచి ఎందుకు, సీసాలు పక్కనున్న ఈజిప్టులో, టమాటాలు టర్కీలో, ఆలివ్ కాయలూ నూనే పాలస్తీనా రైతుల దగ్గర కొందాం, ఖర్చు తగ్గుతుంది అన్నాడు. అలా 1994లో పీస్‌వర్క్స్ అని కంపెనీ పెట్టి, న్యూయార్క్‌లో షాపు షాపుకీ తిరిగి సీసాలు అమ్మాడు.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, ఆయన రెండు వైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి మీరు మంచిగా ఉండండి అని చెప్పలేదు. సీసా ఒకరి చేతిలో, టమాటా ఒకరి చేతిలో, నూనె ఒకరి చేతిలో పెట్టాడు. ఒకరితో గొడవ పడాలంటే ముందు తన పచ్చడి ఆగిపోతుంది. మా నాని ఇంట్లో మిషను, మా వరండాలో విస్తరి, కొండ మీద ఆకు! ఆ రాత్రి నేను లేచి కూర్చున్నాను.

కానీ ఒకటి గట్టిగా అనాలి. వ్యాపారం చేస్తే యుద్ధాలు ఆగిపోతాయని ఎవరైనా రాస్తే నమ్మకండి. పీస్‌వర్క్స్ నడుస్తుండగానే 2000 సెప్టెంబరులో అక్కడ మళ్ళీ పెద్ద హింస మొదలైంది. పచ్చడి దాన్ని ఆపలేదు. సరుకు ఒక్కటే చాలదని ఆయనకీ అనిపించింది కాబోలు, 2002లో వన్‌వాయిస్ అని ఒక ఉద్యమం పెట్టాడు, రెండు వైపులా గొంతెత్తని మామూలు జనాన్ని కూడగట్టి రాజీ కోరుతూ మాట్లాడించడానికి. 2023 అక్టోబరు నుంచి అక్కడ ఎంతమంది పసిపిల్లలు పోయారో అందరం చూశాం. ఒక మనిషి ముప్పై ఏళ్ళ పని పెట్టినా అంత పగ ముందు అది చిన్నదే. అయినా ఆ పని వృథా అని నా నోటితో అనలేను. కాకపోతే ఆ కథలో చెప్పని సగం ఒకటుంది, అది మా కాటా సంగతి చెప్తే తెలుస్తుంది.

మొదటి మూడేళ్ళు నేను ఆకులు కట్ట లెక్కన కొనేదాన్ని. కట్టకి ఇంత అని. సంతలో నా ముందున్న వ్యాపారి అలాగే కొనేవాడు, నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. అతని కంటే కట్టకి రెండు రూపాయలు ఎక్కువిస్తున్నాను కాబట్టి నేను మంచిదాన్నని నా నమ్మకం. 2022లో గిరాకీ పెరిగాక ఒక పెద్ద కొనుగోలుదారు కిలో లెక్కన అడిగితే ఎలక్ట్రానిక్ కాటా కొన్నాం. మొదటిరోజు నాలుగు కట్టలు తూచాను. ఒక్కో కట్ట ఒక్కో బరువు, అన్నీ నేను మనసులో వేసుకున్న దానికంటే ఎక్కువే. మూడేళ్ళుగా నేను డబ్బివ్వకుండా తీసుకున్న ఆకు ఎంతో లెక్క కట్టే ధైర్యం రాలేదు.

ఆ రోజు కొండ మీంచి వచ్చిన ముసలి తల్లి ఒకావిడ అక్కడే కూర్చుని ఉంది. అంకెలు చదవడం రాకపోయినా నా మొహం చదివింది. "నువ్వూ షావుకారివే కదా అమ్మా" అంది. కోపంగా కాదు, మామూలుగా, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. ఆ వారం నుంచి కిలో లెక్క, కాటా తెర వాళ్ళ వైపు తిప్పి పెడతాం, వాళ్ళతో వచ్చే బడిపిల్ల అంకె పైకి చదువుతుంది, డబ్బు అదే రోజు చేతిలో. పాత బాకీ కింద ఆ ఏడాదంతా కిలోకి కొంత కలిపి ఇచ్చాం. అది సరిపోయిందని నేను అనుకోవడం లేదు.

కలిసి వ్యాపారం చేస్తే మనుషులు దగ్గరవుతారు అనే మాటలో ఈ సగం ఎవరూ చెప్పరు. కాటా తప్పుగా ఉంటే వ్యాపారమే పగ. ఈ ప్రాంతపు కొండల్లో షావుకార్ల అప్పులూ దొంగ తూకాలూ రేపిన మంటలు ఎలాంటివో శ్రీకాకుళం పేరు విన్న ఎవరికైనా తెలుసు. 1960ల చివర గిరిజనులు తిరగబడింది ఊరికే కాదు. కాబట్టి శాంతి పేరుతో ఏ వ్యాపారం గురించి విన్నా ఇప్పుడు నా మొదటి ప్రశ్న ఒకటే, అందులో ఆకు కోసేవాళ్ళకి, కాయ తెంపేవాళ్ళకి ఎంత వస్తోంది, కాటా ఎవరి వైపు తిరిగి ఉంది. లుబెట్జ్‌కీ పచ్చడిలో ఆలివ్ రైతుకి కూడా మంచి ధర వచ్చి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

రువాండా సంగతి కూడా ఆ రాత్రే చదివాను. 1994లో వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని నరికి చంపిన దేశం. అక్కడ జానెట్ న్కుబానా, జాయ్ న్డుంగుట్సే అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పరాయి దేశంలో శరణార్థులుగా పెరిగినవాళ్ళు, తిరిగొచ్చి ఆడవాళ్ళ చేత బుట్టలు అల్లించడం మొదలుపెట్టారు. భర్తలు చచ్చిపోయినవాళ్ళు, భర్తలు చంపి జైలుకెళ్ళినవాళ్ళు ఒకే చెట్టు కింద కూర్చుని అల్లారు. 2005 నుంచి అమెరికాలో మేసీస్ అనే పెద్ద దుకాణాల్లో అవి శాంతి బుట్టలన్న పేరుతో అమ్ముడయ్యాయి. వాళ్ళు పక్కపక్కన కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారా అని ఆలోచించాను. బహుశా చాలా రోజులు ఏమీ మాట్లాడుకుని ఉండరు. చేతికి పని ఉంటే మాట లేకపోయినా కూర్చోవచ్చు, అది నాకు అనుభవం.

సరే, ఆ శుక్రవారం పొద్దున్న. మా అత్త వద్దంది, మా ఆయన నేనొస్తానన్నాడు, మగవాళ్ళు వస్తే ఇంకా ఇబ్బంది అని నేనే వద్దన్నాను. విస్తళ్ళు రెండు గోనెల్లో కుక్కి, ఒకటి నెత్తి మీద, ఒకటి మా తోడికోడలి నెత్తి మీద పెట్టుకుని వెనక సాహికి నడిచాం. మైదానం దాటాలి. అక్కడ కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు, కానీ కాళ్ళు వణకడం అంటే ఏంటో నాకు ఆ రెండొందల అడుగుల్లో తెలిసింది. నాని తలుపు తీసి చూసి, "ఏటి, ఇద్దరే వచ్చారా, మిగతా గోనె లేవీ?" అంది. అంతే. వెనక చూస్తే మిషను అప్పటికే వేడెక్కి ఉంది. కుట్లు పడిన కుర్రాడు ఆవిడ మేనల్లుడేనని నాకు అప్పటిదాకా తెలియదు. వాడు లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. నేను వెళ్ళి పలకరించాను, వాడు గోడ వైపు తిరిగిపోయాడు. నాని వాణ్ణి ఏమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు, టీ పెట్టింది.

మధ్యాహ్నానికి మిగతా అక్కలు ఒక్కొక్కరే వచ్చారు. సాయంత్రం దాకా మాటలు లేవు, మిషను చప్పుడే. రాత్రి 9 గంటలకి 1,500 పూర్తయ్యాయి. శనివారం పాతపట్నానికి ఆటోలో పంపాం, డబ్బు వచ్చింది, వాటాలు పంచుకున్నాం. గొడవ తీరిపోయిందని రాస్తే అబద్ధం. ఆ కుర్రాళ్ళు ఇప్పటికీ మైదానానికి చెరో చివర ఆడుకుంటారు. మానేసిన తెలుగావిడ తిరిగి రాలేదు, ఆవిడ వీధిలో కనిపిస్తే తల తిప్పుకుంటుంది, నాకు కష్టంగానే ఉంటుంది. కానీ ఈ మధ్య వాట్సాప్‌లో మళ్ళీ ఏదో పుకారొస్తే నాని నాకు రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఇది నిజమేనా, ముందు నువ్వు చెప్పు" అని అడిగింది. నిజం కాదని చెప్పాను. ఆవిడ వాళ్ళ గ్రూపులో అదే పెట్టింది. ఆ రాత్రి ఎవరూ బయటికి రాలేదు.

పోయిన నెల కొత్త బిల్లు పుస్తకం అచ్చు వేయించాం. పైన ఒడియాలో, కింద తెలుగులో. దాని మీదే రెండు రోజులు వాదించుకున్నాం, ఏది పైన ఏది కింద అని, చివరికి ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి అదే పైన అని నేనే ఒప్పుకున్నాను. గురువారం సంతలో ఆ ముసలి తల్లి పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మా అక్షరాలేవి అంది. సవరకి లిపి ఉంది, సొరాంగ్ సొంపెంగ్ అంటారు, మంగేయ్ గమాంగ్ అనే ఆయన 1936లో తయారుచేశారు. మా ఊరు ఒడిశాలో కలిసిన అదే ఏడాది, గిడుగు వారు వెళ్ళిపోయిన అదే ఏడాది. ప్రెస్సు అతన్ని అడిగితే తన దగ్గర ఆ అక్షరాలు లేవన్నాడు. వాళ్ళ ఊళ్ళో రాయడం వచ్చిన పెద్దాయన ఒకరున్నారట, వచ్చే గురువారం ఆయన్ని కిందికి తీసుకొస్తానని చెప్పి వెళ్ళింది. నల్ల స్కెచ్ పెన్నులు రెండు కొని పెట్టాను, ఉన్న వంద బిల్లుల మీదా ఆయన చేతే రాయిస్తాం.